ఇంటర్నెట్ టెలిఫోనీ: ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ కాల్స్, కృష్ణా డెల్టాలో వాడుక

మాటను అంకెల రూపంలోకి మార్చి, చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, ఇంటర్నెట్ మీదుగా అవతలి మనిషికి చేర్చే పద్ధతిని ఇంటర్నెట్ టెలిఫోనీ అంటారు. సాంకేతిక రంగంలో దీనికి వాయిస్ ఓవర్ ఐపీ అని పేరు. వాడుకలో నెట్ కాల్, నెట్ ఫోన్, వాట్సాప్ కాల్ అంటారు. మైకు, స్పీకరు, ఇంటర్నెట్ ఉన్న ప్రతి ల్యాప్‌టాప్ ఈ పద్ధతిలో టెలిఫోనుగా పనిచేయగలదు. దూరప్రాంతాలకు, ముఖ్యంగా విదేశాలకు చేసే కాల్స్ ఖర్చు తగ్గించుకోవడం దీని వ్యాప్తికి మొదటి కారణం.

ఈ వ్యాసం ఇంటర్నెట్ టెలిఫోనీ చరిత్రను, రకాలను, పనితీరును, ఖర్చును, భారతదేశంలో దానికి వర్తించే నిబంధనలను వివరిస్తుంది. ప్రవాసులు ఎక్కువగా ఉన్న కృష్ణా డెల్టాలో, ముఖ్యంగా కూచిపూడి నాట్యశిక్షణలో, దాని వాడుకను పరిశీలిస్తుంది.

నిర్వచనం, పరిధి

పాత టెలిఫోను వ్యవస్థలో కాల్ కలిసినప్పటి నుంచి పెట్టేసేవరకు ఇద్దరి మధ్య ఒక దారి పూర్తిగా ఆ కాల్‌కే కేటాయించి ఉంటుంది. ఇద్దరూ మౌనంగా ఉన్నా ఆ దారి మరొకరికి దొరకదు. దూరాన్ని, నిమిషాలను బట్టి బిల్లు వేయడానికి మూలం అదే. ఇంటర్నెట్ టెలిఫోనీలో అలాంటి కేటాయింపు ఉండదు. మాట ప్యాకెట్లు, ఈమెయిల్ ప్యాకెట్లు, వీడియో ప్యాకెట్లు ఒకే తీగలో కలిసి ప్రయాణిస్తాయి. అందువల్ల వినియోగదారు చెల్లించేది డేటాకే గాని దూరానికి కాదు.

ల్యాప్‌టాప్‌లో మాట్లాడే ప్రతి కాల్ ఇంటర్నెట్ కాల్ కాదు. విండోస్‌లోని ఫోన్ లింక్ వంటి సదుపాయాలు పక్కనున్న మొబైల్‌ను బ్లూటూత్ ద్వారా ల్యాప్‌టాప్‌కు కలుపుతాయి. అక్కడ కాల్ వెళ్లేది సిమ్ నుంచే, ఛార్జీ పడేది మొబైల్ ఖాతాకే. జియో, ఎయిర్‌టెల్ అందించే వైఫై కాలింగ్‌లో మాట ఇంటర్నెట్ మీదుగానే వెళ్లినా, అది మొబైల్ కంపెనీ సొంత సేవ. దానికి మొబైల్ ప్లాను నియమాలే వర్తిస్తాయి.

చరిత్ర: ప్రపంచం

ప్యాకెట్ల రూపంలో మాటను పంపే ప్రయోగాలు 1974లో అమెరికాలోని అర్పానెట్ కంప్యూటర్ నెట్‌వర్క్‌పై జరిగాయి. సామాన్యులకు అందిన తొలి ఉత్పత్తి ఇజ్రాయెల్ సంస్థ వోకల్‌టెక్ 1995 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఇంటర్నెట్ ఫోన్. ఇద్దరి కంప్యూటర్లలోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఇద్దరూ ఒకే సమయంలో మోడెమ్ ద్వారా నెట్‌కు కలిసి ఉండాలి. 1996లో నెట్‌టూఫోన్ సంస్థ కంప్యూటర్ నుంచి మామూలు ఫోన్‌కు కాల్ చేసే సేవ తెచ్చింది. అదే ఏడు అంతర్జాతీయ టెలికం సమాఖ్య ఇలాంటి కాల్స్ కలపడానికి హెచ్.323 ప్రమాణాన్ని ఆమోదించింది. 1999లో రూపొంది 2002లో సవరించిన సిప్ ప్రమాణం క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది.

2003 ఆగస్టులో వచ్చిన స్కైప్ ఇంటర్నెట్ టెలిఫోనీని ఇంటింటి వస్తువుగా మార్చింది. స్వీడన్‌కు చెందిన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్క్‌కు చెందిన యానుస్ ఫ్రీస్ దీన్ని స్థాపించగా, సాఫ్ట్‌వేర్‌ను ఎస్తోనియా ఇంజనీర్లు రాశారు. 2005లో ఈబే, 2011లో 850 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ దీన్ని కొన్నాయి. వాట్సాప్ 2015లో మాట కాల్స్‌ను, 2016 నవంబరులో వీడియో కాల్స్‌ను ప్రవేశపెట్టింది. 2021 మార్చిలో ఆ రెండూ దాని డెస్క్‌టాప్ యాప్‌లోకి వచ్చాయి. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లేకుండా బ్రౌజర్ నుంచే మాట్లాడే వీలు కల్పించే వెబ్‌ఆర్‌టీసీ 2021 జనవరిలో అధికారిక వెబ్ ప్రమాణమైంది. స్కైప్ సేవ 2025 మే 5న ముగిసింది.

చరిత్ర: భారతదేశం, ఆంధ్రప్రదేశ్

ప్రభుత్వ టెలికం సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించింది. దేశంలో మొబైల్ సేవ మొదలైంది కూడా ఆ ఏడు జులై చివరలోనే. తొలినాళ్లలో మొబైల్ కాల్ రద్దీ వేళల్లో నిమిషానికి సుమారు 16 రూపాయలు, వచ్చే కాల్‌కూ ఛార్జీ ఉండేది. విదేశీ కాల్స్‌పై విదేశ్ సంచార్ నిగమ్‌కే గుత్తాధికారం. ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌లో మీటరు వైపు చూస్తూ, చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని, విదేశాల్లోని పిల్లలతో మాట్లాడిన తరం అది. నెట్ మీదుగా కాల్ చేయడం ఆ రోజుల్లో దేశంలో నిషిద్ధం.

2002 మార్చి 31తో విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధికారం ముగిసింది. మర్నాడు, అంటే 2002 ఏప్రిల్ 1న, ప్రభుత్వం ఇంటర్నెట్ టెలిఫోనీని పరిమితంగా అనుమతించింది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు దేశంలోనూ విదేశాలకూ, భారత్‌లోని కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కూ మాట్లాడవచ్చు. కంప్యూటర్ నుంచి దేశంలోని ఫోన్‌కు కాల్ చేయించే అధికారం ఇంటర్నెట్ సంస్థలకు ఇవ్వలేదు. ఆ తర్వాత విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం వంటి పట్టణాల నెట్ సెంటర్లలో నెట్ టూ ఫోన్ బోర్డులు కనిపించాయి. ఒక మూల క్యాబిన్‌లో హెడ్‌ఫోను పెట్టుకుని మాట్లాడితే, ఐఎస్‌డీతో పోలిస్తే బిల్లు చాలా తక్కువ. డయలప్ లైను వల్ల మాట మధ్యలో తెగేది, తన గొంతే తనకు వినిపించేది.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించింది. సెకనుకు 256 కిలోబిట్ల వేగం మాట కాల్‌కు చాలినంత. దీనితో నెట్ కాల్ నెట్ సెంటర్ నుంచి ఇంట్లోకి వచ్చింది. 2016 సెప్టెంబరు 5న జియో వాణిజ్య సేవలు మొదలుపెట్టి దేశంలో ఏ నంబరుకైనా కాల్స్ ఉచితమని ప్రకటించింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. దేశీయ కాల్స్ వరకు ఇంటర్నెట్ టెలిఫోనీకి ఉన్న ధర ప్రయోజనం అక్కడితో దాదాపు అంతరించింది.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని వెలగపూడి సచివాలయంలో ప్రారంభించారు. ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడింటినీ ఒకే తీగపై, నెలకు 149 రూపాయల నుంచి అందించడం దాని ఉద్దేశం. తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగడం వల్ల ఖర్చు తగ్గింది. ఇందులోని టెలిఫోను కూడా ఇంటర్నెట్ పద్ధతిలో నడిచేదే.

రకాలు

కాల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నదాన్ని బట్టి ఇంటర్నెట్ టెలిఫోనీని నాలుగు రకాలుగా చెబుతారు.

*నెట్ నుంచి నెట్‌కు.* ఇద్దరి దగ్గరా ఒకే యాప్ ఉంటుంది. వాట్సాప్, గూగుల్ మీట్, జూమ్, టెలిగ్రామ్, సిగ్నల్, ఫేస్‌టైమ్ ఈ కోవలోవి. కాల్ ఎక్కడా టెలిఫోను వ్యవస్థలోకి ప్రవేశించదు కనుక నిమిషానికి ఛార్జీ ఉండదు.

*నెట్ నుంచి ఫోన్‌కు.* ల్యాప్‌టాప్ నుంచి మామూలు ఫోను నంబరుకు చేసే కాల్. మాట చాలా దూరం ఇంటర్నెట్‌లో వెళ్లి, చివరన గేట్‌వే అనే యంత్రం ద్వారా టెలిఫోను వ్యవస్థలోకి దిగుతుంది. ఆ చివరి అంచె కోసం నిమిషానికి ఛార్జీ పడుతుంది. వైబర్ అవుట్ ఈ రకానిది. మూతపడేవరకు స్కైప్ క్రెడిట్ కూడా ఇలాంటిదే.

*ఫోన్ నుంచి నెట్‌కు.* సేవా సంస్థ ఇచ్చిన నంబరుకు ఎవరైనా కాల్ చేస్తే అది ల్యాప్‌టాప్‌లో మోగుతుంది. అమెరికాలో గూగుల్ వాయిస్ ఈ సదుపాయం ఇస్తుంది.

*అడాప్టరు సేవలు.* మామూలు ఫోనును చిన్న పెట్టె ద్వారా ఇంటర్నెట్‌కు కలుపుతారు. అమెరికాలో వోనేజ్ సంస్థ 2009 ఆగస్టులో ప్రకటించిన పథకంలో నెలకు 24.99 డాలర్లకు భారత్ సహా దాదాపు 60 దేశాలకు అపరిమిత కాల్స్ ఉండేవి. ప్రవాస తెలుగు కుటుంబాల్లో అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 2007లో వచ్చిన మ్యాజిక్‌జాక్ కంప్యూటర్ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టుకునే అడాప్టరు.

పనిచేసే తీరు

కూచిపూడిలో ఒకరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాలిఫోర్నియాలోని మనవరాలిని పలకరిస్తే, ఆ మాట కింది దశల్లో ప్రయాణిస్తుంది.

మైకు గొంతును విద్యుత్ తరంగంగా మారుస్తుంది. సౌండ్ కార్డు ఆ తరంగాన్ని సెకనుకు వేల సార్లు కొలిచి అంకెలుగా రాస్తుంది. 1972 నాటి జీ.711 ప్రమాణంలో సెకనుకు 8,000 కొలతలు, ఒక్కో కొలతకు 8 బిట్లు. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. తర్వాత కోడెక్ అనే సాఫ్ట్‌వేర్ ఈ అంకెలను కుదిస్తుంది. జీ.729 సెకనుకు 8 కిలోబిట్లతోనే మాటను పంపగలదు. 2012 సెప్టెంబరులో ప్రమాణమైన ఓపస్ నెట్ వేగాన్ని బట్టి నాణ్యతను మార్చుకుంటుంది. స్కైప్ తయారుచేసిన సిల్క్ కోడెక్ ఓపస్‌లో ఒక భాగం.

కుదించిన మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే సెకనుకు 50 ప్యాకెట్లుగా కడతారు. ఒక్కో ప్యాకెట్‌పై చిరునామా, వరుస సంఖ్య, సమయం తెలిపే 40 బైట్ల శీర్షిక ఉంటుంది. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడిగి తెప్పించుకునే పద్ధతిని మాట కాల్‌కు సాధారణంగా వాడరు. ఆలస్యంగా వచ్చిన అక్షరం కన్నా రాని అక్షరమే నయం కాబట్టి, ఖాళీని కోడెక్ అంచనాతో పూరిస్తుంది.

ప్యాకెట్లన్నీ ఒకే దారిలో, ఒకే వేగంతో రావు. ఈ అసమానతను జిట్టర్ అంటారు. అందే చోట ప్యాకెట్లను కాసేపు నిలిపి, వరుసలో పెట్టి, సమానమైన వేగంతో వినిపిస్తారు. ఈ నిల్వ పెరిగితే జాప్యం పెరుగుతుంది, తగ్గితే మాట తెగుతుంది.

కాల్ కలపడం వేరే పని. ఎవరు ఎక్కడున్నారో కనుక్కోవడం, గంట మోగించడం, కోడెక్ ఎంచుకోవడం, కాల్ ముగించడం సిప్ వంటి సంకేత ప్రమాణాలు చూస్తాయి. ఇళ్లలోని రౌటర్లు బయటి నుంచి నేరుగా వచ్చే ప్యాకెట్లను అడ్డుకుంటాయి కనుక, రెండు ల్యాప్‌టాప్‌లు ఒకదాన్నొకటి కనుగొనడానికి మధ్యవర్తి సర్వర్లు తోడ్పడతాయి. నేరుగా దారి దొరకనప్పుడు కాల్ మొత్తం ఆ సర్వర్ మీదుగానే సాగుతుంది.

జాప్యం, నాణ్యత

ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే చాలావరకు సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికం సమాఖ్య జీ.114 సిఫార్సు చెబుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. కృష్ణా జిల్లా నుంచి కాలిఫోర్నియాకు నేరుగా దాదాపు 14 వేల కిలోమీటర్ల దూరం. దానికే 70 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్ర గర్భ కేబుళ్ల దారి అంతకన్నా పొడవు. రౌటర్లు, జిట్టర్ నిల్వ, కోడెక్ మరికొంత సమయం కలుపుతాయి. అమెరికా కాల్స్‌లో ఇద్దరూ ఒకేసారి మాట అందుకుని, ఒకేసారి ఆగిపోవడానికి కారణం ఇదే.

ల్యాప్‌టాప్ స్పీకరులోంచి వచ్చిన అవతలి గొంతు మళ్లీ మైకులోకి వెళితే ప్రతిధ్వని పుడుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని చాలావరకు తీసేస్తుంది. హెడ్‌ఫోను పెట్టుకుంటే ఆ సమస్యే రాదు. వైఫై సంకేతం బలహీనంగా ఉన్న గదిలో రౌటర్‌కు తీగతో కలపడం నాణ్యతను పెంచుతుంది.

ఖర్చు: లెక్క

శీర్షికలతో కలిపి జీ.711 కాల్‌కు ఒకవైపు సెకనుకు 80 కిలోబిట్లు కావాలి. గంట కాల్‌కు రెండు వైపులా కలిపి అయ్యే డేటా ఇలా ఉంటుంది.

- జీ.711: సుమారు 72 మెగాబైట్లు
- సెకనుకు 24 కిలోబిట్లతో నడిచే ఓపస్: సుమారు 36 మెగాబైట్లు
- జీ.729: సుమారు 22 మెగాబైట్లు
- రెండు వైపులా సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వీడియో: సుమారు 900 మెగాబైట్లు

రోజుకు 1.5 గిగాబైట్ల కోటా ఉన్న మొబైల్ ప్యాక్‌తో వీడియో కాల్ రెండు గంటలు కూడా సాగదు. అదే కోటాతో ఓపస్ మాట కాల్ రోజంతా నడిపినా డేటా మిగులుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ ద్వారా ల్యాప్‌టాప్‌ను కలిపినప్పుడు ఈ డేటా మొబైల్ ఖాతాలోంచే పోతుంది. నిజంగా మొబైల్ ఖర్చు తగ్గాలంటే ఇంట్లో విడిగా బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి.

పొదుపు ఎంతన్నది కాల్ ముగిసే చోటును బట్టి ఉంటుంది. దేశంలోని ఫోను నంబర్లకు అపరిమిత కాల్స్ ఇచ్చే ప్లాను ఉన్నవారికి నెట్ కాల్ వల్ల అదనంగా మిగిలేది లేదు. విదేశాల్లోని బంధువుకు నెట్ నుంచి నెట్‌కు చేస్తే ఛార్జీ మొత్తం మిగులుతుంది. విదేశాల నుంచి భారత ఫోను నంబరుకు చేసే కాల్ పూర్తిగా ఉచితం కాకపోవడానికి కారణం, ఆ కాల్‌ను అందుకున్న భారత కంపెనీకి విదేశీ కంపెనీ ముగింపు ఛార్జీ చెల్లించాల్సి రావడమే. 2018 ఫిబ్రవరిలో ఈ ఛార్జీని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిమిషానికి 53 పైసల నుంచి 30 పైసలకు తగ్గించింది. 2020 మే నుంచి 35 - 65 పైసల మధ్య నిర్ణయించుకునే వీలిచ్చింది. దేశీయ కాల్స్‌పై కంపెనీల మధ్య ముగింపు ఛార్జీ 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది.

2024 జులైలో ప్రధాన మొబైల్ కంపెనీలు ప్లాన్ల ధరలు పెంచాయి. అదే ఏడు డిసెంబరు 23న, డేటా లేకుండా మాటకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే వోచర్లను కూడా కంపెనీలు అందించాలని ట్రాయ్ నిబంధన తెచ్చింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి, బయట డేటా అంతగా వాడని పెద్దవారు మొబైల్‌కు ఈ వోచరు వేసుకుని, విదేశీ కాల్స్‌ను ల్యాప్‌టాప్‌లో మాట్లాడుకోవచ్చు. (చూ. కృష్ణా డెల్టాలో వాడుక)

చట్టం, నియంత్రణ

నెట్ నుంచి నెట్‌కు కాల్స్ భారతదేశంలో 2002 నుంచి చట్టబద్ధం. ల్యాప్‌టాప్ నుంచి దేశంలోని ఫోనుకు చేసే కాల్స్ విషయంలో చాలాకాలం సందిగ్ధత సాగింది. స్కైప్ 2014 నవంబరు 10 నుంచి భారత్ లోపలి మొబైల్, ల్యాండ్‌లైన్ నంబర్లకు భారత్ నుంచి చేసే కాల్స్‌ను నిలిపివేసింది. విదేశాల నుంచి భారత్‌కు, భారత్ నుంచి విదేశాలకు కాల్స్ కొనసాగాయి.

ట్రాయ్ 2017 అక్టోబరులో చేసిన సిఫార్సుల మేరకు, 2018 జూన్‌లో టెలికం శాఖ, లైసెన్సు ఉన్న కంపెనీలు తమ మొబైల్ నెట్‌వర్క్‌తో నిమిత్తం లేకుండా యాప్ ద్వారా ఇంటర్నెట్ టెలిఫోనీ అందించవచ్చని స్పష్టం చేసింది. మరుసటి నెలలోనే బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ అనే సేవను ప్రకటించింది. ఏడాదికి 1,099 రూపాయల రుసుముతో, సిమ్ లేకుండానే, ఏ కంపెనీ ఇంటర్నెట్ నుంచైనా దేశంలోని ఫోను నంబర్లకు మాట్లాడే వీలు అందులో ఉండేది.

నెట్ కాల్స్‌కు డేటా ఛార్జీ కాక వేరుగా వసూలు చేయాలన్న ప్రయత్నం కూడా జరిగింది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ అలాంటి ప్లాను ప్రకటించి, నిరసనల తర్వాత ఉపసంహరించుకుంది. తమ పెట్టుబడితో వేసిన నెట్‌వర్క్‌పై యాప్‌లు పైసా చెల్లించకుండా కాల్స్ నడుపుతున్నాయన్నది మొబైల్ కంపెనీల వాదన. వినియోగదారు డేటాకు ముందే డబ్బు చెల్లించాడు, ఆ డేటాను దేనికి వాడుకోవాలన్నది అతని ఇష్టమన్నది నెట్ సమానత్వ వాదుల సమాధానం. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, వాడకాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. 2020 సెప్టెంబరులో, యాప్ కాల్స్‌కు అప్పటికి ప్రత్యేక నియంత్రణ అవసరం లేదని సిఫార్సు చేసింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 2025 నవంబరులో టెలికం శాఖ మెసేజింగ్ యాప్‌లను నమోదైన సిమ్‌తో ఎప్పుడూ ముడిపెట్టి ఉంచాలని, కంప్యూటర్‌లోని వెబ్ లాగిన్‌ను ఆరు గంటలకోసారి ముగించాలని ఆదేశించింది. ల్యాప్‌టాప్ వాడుకదారులకు నేరుగా సంబంధించిన ఆదేశమిది.

విదేశాల నుంచి నెట్ మీదుగా వచ్చిన కాల్స్‌ను లైసెన్సు లేకుండా, పదుల సిమ్ కార్డులు అమర్చిన సిమ్ బాక్సుల ద్వారా స్థానిక కాల్స్‌గా మార్చే అక్రమ ఎక్స్ఛేంజీలు నేరం. విదేశీ కాల్ తెరపై స్థానిక నంబరుతో కనిపించడం వాటి గుర్తు.

దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. యూఏఈలో వాట్సాప్ కాల్స్, ఫేస్‌టైమ్ సాధారణంగా పనిచేయవు. అక్కడ అనుమతి పొందిన బోటిమ్ వంటి యాప్‌లనే వాడాలి.

కృష్ణా డెల్టాలో వాడుక

కృష్ణా డెల్టా నుంచి వైద్యులు, ఇంజనీర్లు 1960ల చివరి నుంచి అమెరికాకు వెళ్లడం మొదలుపెట్టారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, 1977లో ఏర్పడింది. 1990ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వలస ఎన్నో రెట్లు పెరిగింది. తల్లిదండ్రులు ఊళ్లో, పిల్లలు విదేశాల్లో ఉన్న కుటుంబాలకు ఫోను నిత్యావసరం. కాలిఫోర్నియా కాలం భారత కాలానికి చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక. అందుకే డెల్టా ఊళ్లలో ఉదయం కాఫీ వేళ అమెరికా కాల్స్ వేళగా స్థిరపడింది. అక్కడ అప్పుడు సాయంత్రం. ల్యాప్‌టాప్ పెద్ద తెర, రెండు చేతులూ ఖాళీగా ఉండడం, ఇంటిల్లిపాదీ ఒకేసారి కనిపించడం వీడియో కాల్స్‌లో దానికున్న అనుకూలతలు.

కూచిపూడి నాట్యశిక్షణ

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో, పామర్రు - చల్లపల్లి దారిలో ఉన్న కూచిపూడి, నాట్యకళకు తన పేరునిచ్చిన గ్రామం. ఈ గ్రామంలో పుట్టిన వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. ఆయన శిష్యుల ద్వారా కళ విదేశాలకు విస్తరించింది. కాలిఫోర్నియా కేంద్రంగా 2001లో ఏర్పడిన సిలికానాంధ్ర 2008లో కుపర్టినోలో అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనం నిర్వహించింది. తర్వాత కూచిపూడి గ్రామాన్ని దత్తత తీసుకుంది. మిల్పిటస్‌లోని సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడి కోర్సులను ఆన్‌లైన్‌లో బోధిస్తోంది. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత చాలామంది నాట్యగురువులు ల్యాప్‌టాప్ ముందు నుంచే పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

నాట్యపాఠంలో ఇంటర్నెట్ టెలిఫోనీ పరిమితి స్పష్టంగా బయటపడుతుంది. నిమిషానికి 80 అక్షరాల నడకలో ఒక అక్షరకాలం 750 మిల్లీసెకన్లు. మూడో కాలంలో అక్షరానికి నాలుగు అడుగులు పడితే, ఒక్కో అడుగుకు దక్కేది 187 మిల్లీసెకన్లు. గురువు తాళం శిష్యురాలికి 150 మిల్లీసెకన్ల తర్వాత వినిపించి, ఆమె అడుగు చప్పుడు మరో 150 మిల్లీసెకన్ల తర్వాత గురువుకు చేరితే, తేడా మొత్తం 300 మిల్లీసెకన్లు. శిష్యురాలు సరిగ్గా తాళంలోనే ఉన్నా గురువు చెవికి ఒక అడుగుకు పైగా వెనకబడినట్టు వినిపిస్తుంది. ఇది తీగ పొడవు వల్ల పుట్టే తేడా కాబట్టి ఖరీదైన కనెక్షన్‌తో పూర్తిగా పోదు. దీనికి విరుగుడుగా, జతులను (తాళానికి పలికే అక్షరాలను) ముందే రికార్డు చేసి పంపుతారు. శిష్యురాలు తన గదిలోనే వాటిని మోగించుకుని ఆడుతుంది. అప్పుడు పాట, అడుగు రెండూ ఒకే ఆలస్యంతో గురువుకు చేరతాయి కనుక తాళం తప్పిందీ లేనిదీ నిర్ధారణగా తెలుస్తుంది. పలువురు కలిసి ఆడడం, నట్టువాంగానికి, అంటే గురువు తాళం వేస్తూ జతులు చెప్పడానికి, అప్పటికప్పుడు స్పందించడం మాత్రం ఈ పద్ధతిలో సాధ్యం కాదు.

రెండో చిక్కు శబ్దం. కాల్ సాఫ్ట్‌వేర్ మనిషి గొంతుకు అనువుగా తయారైంది. తాళాల మోతను, గజ్జెల సవ్వడిని, కర్ర దెబ్బను అది అనవసర శబ్దంగా భావించి అణచివేస్తుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే అమరికను ఎంచుకుంటే ఈ వడపోత ఆగుతుంది.

పరిమితులు, భద్రత

*కరెంటు.* పాత ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే అదే రాగి తీగలో వచ్చేది. నెట్ కాల్‌కు ఇంట్లో రౌటరు, వీధిలో పరికరాలు అన్నీ పనిచేయాలి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నా రౌటరుకు ఉండదు. తుపాన్లకు, వరదలకు గురయ్యే డెల్టాలో ఇది తీవ్రమైన లోపం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం కొన్ని గంటల ఉపశమనమే.

*అత్యవసర నంబర్లు.* వాట్సాప్ వంటి యాప్‌ల నుంచి 112కు కాల్ చేయలేరు. అందువల్ల నెట్ కాల్ ఎంత వాడినా ఒక మామూలు ఫోను కనెక్షన్ చెల్లుబాటులో ఉంచుకోవడం తప్పనిసరి.

*గోప్యత.* వాట్సాప్ తన కాల్స్‌ను, మాట్లాడుకునేవారు తప్ప ఇంకెవరూ వినలేని విధంగా సంకేతీకరిస్తుంది. అన్ని సేవల్లోనూ ఇది ఒకేలా ఉండదు. నెట్ సెంటర్లలో, ఇతరుల ల్యాప్‌టాప్‌లలో వాడిన తర్వాత లాగవుట్ చేయకపోతే ఖాతా పరుల చేతికి చిక్కుతుంది.

*మోసాలు.* చవకగా, ఎక్కడినుంచైనా చేయగలగడం మోసగాళ్లకూ కలిసొచ్చింది. పోలీసులమని, సీబీఐ అధికారులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే పద్ధతికి డిజిటల్ అరెస్ట్ అని పేరు పడింది. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. 2024 మేలో కేంద్ర హోంశాఖ ఇటువంటి నేరాలకు వాడిన 1,000కి పైగా స్కైప్ ఖాతాలను మైక్రోసాఫ్ట్ సహకారంతో నిరోధించినట్టు ప్రకటించింది. విదేశాల నుంచి వస్తూ భారత నంబరుగా కనిపించే దొంగ కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థను టెలికం శాఖ 2024 అక్టోబరులో ప్రారంభించింది. మోసపోయినవారు వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి.

ప్రాధాన్యం

ఇంటర్నెట్ టెలిఫోనీ దూరాన్ని బట్టి ధర కట్టే శతాబ్దపు పద్ధతిని అంతం చేసింది. మొబైల్ కంపెనీల నాలుగో తరం కాల్స్ కూడా లోలోపల ఐపీ ప్యాకెట్లే కావడంతో, ఫోనుకు, నెట్‌కు మధ్య సాంకేతిక భేదం దాదాపు చెరిగిపోయింది. మిగిలింది బిల్లులోని భేదం. ఒకప్పుడు నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడిన కుటుంబాలకు ఇంటర్నెట్ టెలిఫోనీ పండుగ రోజున పూజ మొదటినుంచి చివరిదాకా కలిసి చూసే వీలునిచ్చింది. గ్రామంలోని గురువుకు ఖండాంతరాల్లో శిష్యులను ఇచ్చింది.

నేటి ధరల ప్రకారం, భారతదేశంలోని నంబర్లకు మాట్లాడడానికి మామూలు మొబైల్ ప్లానే సరిపోతుంది. విదేశాల్లోని వారితో మాట్లాడడానికి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోట, ల్యాప్‌టాప్‌లో నెట్ నుంచి నెట్‌కు చేసే కాల్ అన్నిటికన్నా చవక.